నడిచి కరిగించింది మళ్లీ తినొచ్చా?

బరువు తగ్గాలని పూనుకున్నవాళ్లను ఈమధ్య ఒక లెక్క తికమక పెడుతోంది. పొద్దున గంటసేపు నడిచి రాగానే చేతి వాచీ 250 కేలరీలో, 300 కేలరీలో ఖర్చయ్యాయని చూపిస్తుంది. ఫోన్లోని డైట్ యాప్ వాటిని అప్పటికప్పుడు ఆ రోజు తిండి కోటాలో కలిపేస్తుంది. 1,500 దగ్గర ఆగాల్సిన మనిషికి 1,800 దాకా వెసులుబాటు దొరుకుతుంది. మరి ఆ పైవి తినెయ్యాలా, వదిలెయ్యాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రోజూ గంట వాకింగ్ లాంటి వ్యాయామం చేసేవాళ్లు వాచీ అంకెను చూసి తిండి పెంచకూడదు. ఎంత తినాలన్నది మూడు నాలుగు వారాల బరువును చూసి తేల్చుకోవాలి. ఈ మాటకు మినహాయింపులున్నాయి, అవి చిన్నవి కావు. వాటి కిందికి వచ్చేవాళ్లు దీన్ని పట్టుకుని కడుపు మాడ్చుకుంటే ప్రమాదం కాబట్టి వాటి దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగుదాం.

ముందు ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తుందో చూడాలి. వాచీలో కేలరీలను కొలిచే సాధనమేదీ లేదు. అది చేతి కదలికను పసిగడుతుంది, చర్మం మీద వెలుగు పడేసి నాడిని లెక్కిస్తుంది. మనమిచ్చిన వయసు, ఎత్తు, బరువు వాటికి జోడించి ఖర్చును అంచనా వేస్తుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందికి ఏడు రకాల వాచీలు, బ్యాండ్లు కట్టి నడిపించారు, పరుగెత్తించారు, సైకిలు తొక్కించారు. పీల్చి వదిలే గాలిని బట్టి అసలు ఖర్చును విడిగా కట్టారు. గుండె వేగంలో ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తేడాతో సరిపోయాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, చివరన నిలిచింది 93 శాతం తప్పింది. అప్పటినుంచి వాచీలు మెరుగుపడి ఉండొచ్చు, కానీ నాడిని బట్టి శ్రమను ఊహించడంలోనే చిక్కుంది. విజయవాడ మే నెల ఎండలో నడిస్తే ఒంటిని చల్లబరచడానికి గుండె అదనంగా కొట్టుకుంటుంది. ఆ వేగాన్ని కూడా కాళ్లు చేసిన పనిగానే వాచీ రాసుకోవచ్చు. ట్రెడ్‌మిల్ కడ్డీలు పట్టుకుని నడిచేవాళ్లకు శ్రమ తగ్గుతుంది, తెరమీద అంకె తగ్గదు.

పోనీ, వాచీ సరిగ్గానే చెప్పిందనుకుందాం. 70 కిలోల మనిషి గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున గంట నడిస్తే సుమారు 245 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 70 దాకా ఆ గంట కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే, అవి రోజు కోటాలో ముందే ఉన్నాయి. నడక వల్ల అదనంగా అయినవి 175. ఇంతకన్నా పెద్ద పొరపాటు యాప్‌లో చేరే రోజునే జరుగుతుంది. రోజూ ఎంత చురుగ్గా ఉంటారని అది అడిగినప్పుడు, వాకింగ్ చేస్తున్నాం కదా అని ‘మోస్తరు చురుకు’ నొక్కుతాం. అంటే నడకను అప్పుడే కోటాలో కలిపేసుకున్నాం. తర్వాత వాచీ అదే నడకను రెండోసారి కలుపుతుంది. రోజుకు 500 కేలరీల లోటు పెట్టుకున్న మనిషి అలా 245 తింటే లోటు దాదాపు సగానికి పడిపోతుంది. ఆపైన శరీరం చేసుకునే సర్దుబాటు ఒకటుంది. 1,754 మంది పెద్దల శక్తి వ్యయాన్ని పరిశీలించి 2021లో ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కదలికల వల్ల అదనంగా ఖర్చయ్యే ప్రతి 100 కేలరీల్లో సగటున 28ని శరీరం విశ్రాంతి ఖర్చులో కోత పెట్టి మిగుల్చుకుంటుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువున్నవాళ్లలో ఈ కోత ఇంకా ఎక్కువ. ఆ సగటును పెట్టి చూస్తే మన 175 కాస్తా 126 అవుతుంది. పదిహేను గ్రాముల నెయ్యిలో, అంటే ఒక పెద్ద చెంచాలో, 135 కేలరీలుంటాయి.

వాచీ తప్పు రెండు వైపులా ఉండొచ్చు కదా, ఒక్కోసారి తక్కువ కూడా చూపొచ్చు కదా అని అడిగితే కాదనను. అయితే కూర్చున్నా అయ్యే ఖర్చును కలపడం, ఒకే నడకను రెండుసార్లు లెక్కించడం, శరీరం కోత పెట్టుకోవడం, ఈ మూడూ ఒకే వైపు లాగుతాయి. తిండి లెక్కలోనూ మనం ఒకే వైపు తప్పుతాం. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని వాపోయే ఒక చిన్న బృందాన్ని న్యూయార్క్ పరిశోధకులు పరీక్షించి 1992లో ఫలితాలు వెల్లడించారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పుకున్నారు. వాళ్లను అబద్ధాలకోరులనడం అన్యాయం. తాలింపులోకి నూనెను చేత్తో వంచే వంటింట్లో, నలుగురూ ఒకే గిన్నెలోంచి కూర వడ్డించుకునే ఇంట్లో ఎవరైనా అంతే. 28 శాతం అన్నది సగటే, మీకూ నాకూ అదే వర్తించదన్న అభ్యంతరం ఇంకా బలమైనది. దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో అధిక బరువున్న 35 మంది చేత 12 వారాలపాటు, వారానికి అయిదు రోజులు, పూటకు 500 కేలరీలు ఖర్చయ్యేలా దగ్గరుండి వ్యాయామం చేయించారు. సగటున 3.7 కిలోలు తగ్గారు. కానీ ఒకరు 14.7 కిలోలు తగ్గితే, మరొకరు 1.7 కిలోలు పెరిగారు. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఉన్నప్పుడు ఏ సూత్రమూ ఒక ఒంటి ఖర్చును బయటినుంచి చెప్పలేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు భారతీయులకయ్యే ఖర్చు అంతర్జాతీయ సూత్రాలు చెప్పేదానికన్నా తక్కువని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు దశాబ్దాల కిందటే గుర్తించారు.

అందుకే బరువు తూచుకోవడాన్ని నమ్మమంటున్నాను. నడకను రోజువారీ జీవితంలో భాగంగానే భావించి, నడిచిన రోజూ నడవని రోజూ ఒకే కొలతలో తినాలి. పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు తూచుకుని రాసుకోవాలి. ఒక్కరోజు అంకెకు విలువ లేదు. ముందురోజు ఆవకాయ కాస్త ఎక్కువ పడినా, పెళ్లిభోజనం చేసినా, నెలసరి దగ్గరపడినా ఒంట్లో నీరు నిలిచి కిలో దాకా తేడా రావచ్చు. ఏడు రోజుల సగటును ముందువారం సగటుతో పోల్చాలి. మూడు నాలుగు వారాలు గడిచినా కదలిక లేకపోతే రోజుకు వంద, నూటయాభై కేలరీలు తగ్గించి చూడాలి. వారానికి కిలోకు మించి తగ్గుతుంటే, నీరసం కమ్ముతుంటే తిండి పెంచాలి. ఇది నిదానమైన పద్ధతి, నిజమే. కానీ వాచీ తప్పూ, యాప్ తప్పూ, వంటింటి నూనె తప్పూ అన్నీ చివరికి ఆ సగటులోనే తేలతాయి.

ఇప్పుడు మినహాయింపులు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సాధన చేస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. బరువు 60 కిలోలు, అందులో కొవ్వు పోను 42. రోజుకు 1,300 కేలరీలు తింటూ పది కిలోమీటర్లు పరుగెత్తితే పరుగుకే సుమారు 550 పోతాయి. మిగిలిన 750తో గుండె, మెదడు, ఎముకలు, హార్మోన్లు అన్నీ నడవాలి. కొవ్వు పోను ఉన్న ప్రతి కిలోకు 18 కేలరీలు కూడా రావు. యువతులపై జరిగిన ప్రయోగాల్లో ఇది 30కి దిగువన ఉంటే పునరుత్పత్తి హార్మోన్లు, ఎముకల ఎదుగుదల దెబ్బతింటున్నట్టు తేలింది. 30 అన్నది అందరికీ ఒకేలా వర్తించే గీత కాదు, కానీ 18 ఎవరికీ క్షేమం కాదు. నెలసరి ఆగిపోవడం, ఎముకల్లో సన్నని పగుళ్లు, తరచూ జబ్బు పడటం దీని గుర్తులు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టింది, మగవాళ్లకూ వస్తుందని హెచ్చరించింది. ఇలాంటివాళ్లు పరుగుకైన ఖర్చులో చాలా భాగాన్ని తిరిగి తిని తీరాలి. బరువు తగ్గే పనిని సాధన తక్కువగా ఉండే నెలలకు వాయిదా వేసుకోవడం ఇంకా మేలు. పొద్దంతా బస్తాలు మోసేవాళ్లకు, పొలం పని చేసేవాళ్లకు గంట నడక లెక్కలు అసలు పనికిరావు.

తినే వీలు లేకపోతే నడిచే ఉత్సాహమే పోతుందనే వాదన కూడా ఉంది. దానిమీద నాకు సానుభూతి ఉంది కానీ ఒప్పుకోలేను. నడకను తిండికి కూలీగా మార్చుకున్న మనిషి, వాన కురిసి నడవలేని రోజున అన్నం ముందు తప్పు చేసినట్టు కూర్చుంటాడు. రక్తపోటుకు, చక్కెర అదుపుకు, నిద్రకు నడక చేసే మేలు బరువు తగ్గకపోయినా అందుతుంది. ఆ మేలు చాలదా? ఇక షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంగతి వేరు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లదీ అంతే. నడకలో వణుకు, చెమట, కళ్లు తిరగడం మొదలై చక్కెర 70కి దిగువకు పడితే వెంటనే గ్లూకోజో, చక్కెరో నోట్లో వేసుకోవాలి, అక్కడ కేలరీల ఊసే వద్దు. అయితే రోజూ ఏదో ఒకటి తింటే తప్ప నడక పూర్తికావడం లేదంటే, వాడుతున్న మందు మోతాదు ఎక్కువైందేమో డాక్టరును అడగాలి. బరువు తగ్గుతున్నకొద్దీ, నడక పెరిగేకొద్దీ ఆ మోతాదును తగ్గించాల్సిన అవసరం తరచూ వస్తుంది.