పేర్లు చెప్పి వస్తువును మరిచిన పాఠం

మన తరగతుల్లో చేతులు మారుతూ వస్తున్న "లవణాలు" అనే రెండు పేజీల పాఠాన్ని మీలో చాలామంది చెప్పే ఉంటారు. ఎవరు రాశారన్నది ఇక్కడ అవసరం లేదు. నేనూ రెండేళ్లు అదే చెప్పాను. మూడో ఏడు ఒక పిల్లవాడు, "టీచర్, అన్నభేది అంటే అన్నంలో వేసుకునే ఉప్పా?" అని అడిగాడు. నవ్వి ఊరుకోబోయాను. తర్వాత ఆలోచిస్తే తప్పు వాడిది కాదనిపించింది. లవణం అంటే ఉప్పు అని నేర్పింది మనమే, పేరులో అన్నం ఉన్నదీ నిజమే. ఉప్పు అన్నదల్లా తినేది కాదన్న ఒక్క ముక్క మాత్రం పాఠంలో ఎక్కడా లేదు.

ముందు ఈ పాఠంలో ఉన్న మంచి చెప్పుకుందాం. పండగలు, నీతికథలు దాటి తెలుగులో సైన్సు చెప్పాలన్న పట్టుదల దీనికి ఉంది. "గంధకితం" అన్న మాట కూడా చెడ్డదేం కాదు, సల్ఫేట్‌లో గంధకం ఉందని వినగానే తెలుస్తుంది. కానీ పాఠం "ఇనుప గంధకితం", "మగ్న గంధకితం" అని మొదలుపెట్టి చివరిదాకా వాటినే పట్టుకుని నడుస్తుంది. ఇంటికెళ్లి ఆ మాటలంటే అమ్మమ్మకు తెలియదు, నాన్నకూ తెలియదు. తెలుగు మాధ్యమం పుస్తకాల్లో సైతం సల్ఫేట్ అనే రాస్తున్నారు. ఇక అన్నభేది, భేది ఉప్పు అన్న వాడుక పేర్లను పాఠం కుండలీకరణాల్లోకి నెట్టేసింది. నిజానికి బతికున్న మాటలు అవే. వేరుశనగ ఆకులు పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయమని మన రైతులకు చెబుతారు. ఆ రైతుల్లో మన పిల్లల తాతయ్యలూ ఉన్నారు.

రెండో లోపం ఇంకా పెద్దది. పాఠం ఉపయోగాలను వరసగా ఏకరువు పెడుతుంది: సిరా, మందు, ఎరువు, రంగు. ఎందుకన్నది ఒక్కచోటా చెప్పదు. రెండూ సల్ఫేట్లే, రెండింటి స్ఫటికాల్లోనూ ఒక్కో లవణ భాగానికి ఏడేసి నీటి అణువులు ఉంటాయి. అయినా ఒకటి లేత ఆకుపచ్చ, రెండోది తెల్లన. ఆకుపచ్చది గాలి తగిలితే క్రమంగా గోధుమరంగుకు తిరుగుతుంది, తెల్లది అలా మారదు. తేడా అంతా లోహంలో ఉంది. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఫెర్రస్ స్థితి నుంచి ఫెర్రిక్ స్థితికి మారగలదు, మెగ్నీషియానికి అలాంటి రెండో స్థితి లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఆ జాబితాలో సగం దానంతటదే అర్థమవుతుంది.

సిరానే తీసుకోండి. కరక్కాయ, మాచికాయ, టీ ఆకు, వీటన్నిటిలో ఉండే వగరు పదార్థం టానిన్. అది ఇనుముతో కలిసి గాలి సోకితే నల్లబడుతుంది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చర్మపత్రం మీద ఉన్నది ఇలాంటి ఇనుప సిరాయే. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతలూ ఈ చర్యవల్లే వస్తాయి. అక్కడ అన్నభేదికి బదులు ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి వాడతారు, గుడ్డకు ముందే కరక్కాయ పట్టిస్తారు. మన పిల్లల రెండు ఊళ్లనూ కలిపే విషయం ఇంతకంటే ఏం కావాలి? పాఠంలో దీనికి దక్కింది "సిరా" అన్న రెండక్షరాలు.

పైరు సంగతీ అంతే. ఇనుము చాలకపోతే లేత ఆకులు ముందు పాలిపోతాయి. మెగ్నీషియం చాలకపోతే ముదురు ఆకులు ముందు పాలిపోతాయి, ఎందుకంటే మొక్క దాన్ని పాత ఆకుల నుంచి లాగి కొత్త చిగుళ్లకు పంపగలదు. ఇంత చెబితే పెరట్లో ఏ ఆకు చూడాలో పిల్లవాడికి తెలుస్తుంది.

మూడో లోపాన్ని మాత్రం క్షమించలేం. "ఆరోగ్యానికి మేలు" అని రాసి జాగ్రత్త చెప్పకుండా వదిలేశారు. మామూలు 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో 65 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పెద్దవాళ్లకు అది మందు, చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆరేళ్లలోపు పిల్లల విష మరణాలకు ఇనుము మాత్రలు ఒక ముఖ్య కారణమన్న హెచ్చరికను సీసాల మీద వేయాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో నియమం పెట్టింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ సంచిలో అదే మందు అట్టల్లో ఉంటుంది, దానికి పిల్లలు తీయలేని మూత ఉండదు. మన తరగతిలో వినాల్సిన మాట ఇది. ఎప్పుడైనా అలా జరిగితే ఏ లక్షణాలూ కనబడకముందే విష సమాచార కేంద్రానికి, 1-800-222-1222కు ఫోన్ చేయాలి. భేది ఉప్పుకూ హెచ్చరిక ఉండాలి. కాళ్లు నానబెట్టుకోవడానికి మందుల షాపులో కొనే ఎప్సమ్ సాల్ట్ అదే. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా దాన్ని లోపలికి తీసుకోకూడదు.

మరి ఎలా చెప్పాలి? రెండు గాజు గ్లాసుల్లో పల్చటి టీ డికాక్షన్ పోయండి. ఒకదాంట్లో నలగ్గొట్టిన ఇనుము మాత్ర, ఇంకోదాంట్లో ఎప్సమ్ సాల్ట్ మీరే వేయండి, సీసాలు పిల్లల చేతికివ్వకండి. మొదటిది నల్లబడుతుంది, రెండోది అలాగే ఉంటుంది. ఎవరూ రుచి చూడకూడదని ముందే చెప్పండి, అయ్యాక రెండూ సింకులో పారబోయండి. అప్పుడు అడగండి: "ఇనుము మాత్ర టీతో ఎందుకు వేసుకోకూడదు?" జవాబు వాళ్ల కళ్లముందే ఉంటుంది. టీలోని వగరు ఇనుమును పట్టేసుకుని ఒంటికి సరిగ్గా అందనివ్వదు. నిమ్మరసంలోని విటమిన్ సి అయితే అందేలా సాయపడుతుంది.

పేర్లు ఆ తర్వాత రాయండి. వాడుకలో అన్నభేది, భేది ఉప్పు. సైన్సులో ఫెర్రస్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్. గంధకితాన్ని ఒక్కసారి విడదీసి చూపితే చాలు. ఇంటిపనిగా పద్యం, పదాలు వద్దు. "మీ అమ్మమ్మ మాత్రలు ఎక్కడ పెడుతుందో చూసి, ఎత్తులో పెట్టమని తెలుగులో చెప్పి రండి" అనండి. ఆ వాక్యం తడబడకుండా చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే.