మార్పువేళ ప్రధానోపాధ్యాయుడు: ‘పగటి కల’, ‘రైలుబడి’ – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
బోధనలో మార్పును చిత్రించిన రచనల్లో ‘పగటి కల’, ‘రైలుబడి’ తెలుగు పాఠకులకు చిరపరిచితాలు. ఈ రెండింటినీ సాధారణంగా ఆదర్శ ఉపాధ్యాయుని కథలుగా, బాల్యపు స్వేచ్ఛకు ప్రతీకలుగా చదువుతారు. మార్పును తోటి ఉపాధ్యాయుల చేత అంగీకరింపజేయడంలో ప్రధానోపాధ్యాయుని పాత్ర ఈ రచనల్లో ఎలా వ్యక్తమైందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రధానోపాధ్యాయుడు, నాయకత్వం, గిజుభాయి, కొబయాషి, పాఠశాల, మార్పు.

1. ఉపోద్ఘాతం:
గిజుభాయి బధేకా 1932లో గుజరాతీలో ‘దివాస్వప్న’ రచించారు. ఇది తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది. తెత్సుకో కురోయనాగి 1981లో జపనీస్ భాషలో వెలువరించిన ‘తొత్తోచాన్’ తెలుగులో ‘రైలుబడి’గా ప్రసిద్ధం. మొదటిది కల్పిత కథనం. రెండవది టోక్యోలోని తొమొయె పాఠశాలలో రచయిత్రి గడిపిన బాల్యానికి సంబంధించిన జ్ఞాపకాలు. ప్రక్రియ వేరైనా రెండింటిలోనూ కథావస్తువు ఒకటే. అది పాతుకుపోయిన బోధనా పద్ధతిని మార్చే ప్రయత్నం.

2. తలమీదుగా వచ్చిన అనుమతి:
‘పగటి కల’ కథకుడు లక్ష్మీరామ్ నేరుగా విద్యాధికారిని కలిసి, ఏడాదిపాటు ప్రయోగం చేయడానికి నాల్గవ తరగతిని అడిగి తీసుకుంటాడు. కథలోని సంఘర్షణకు బీజం ఇక్కడే ఉంది. అనుమతి ప్రధానోపాధ్యాయుని తలమీదుగా వచ్చింది. ఆ మార్పులో ఆయనకు భాగం లేదు. అయినా పాఠశాలలో క్రమశిక్షణ చెడితే జవాబుదారీ మాత్రం ఆయనే. కాబట్టే ఆయన నిబంధనల కాపలాదారుగా మిగిలిపోయి ఆక్షేపణలకే పరిమితమవుతాడు. సహోపాధ్యాయులు కథలనూ ఆటలనూ ఎగతాళి చేస్తారు. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బుతో తరగతి గ్రంథాలయం ఏర్పరచడం వంటి మంచి ఆలోచన కూడా వారికి ఒక వ్యక్తి చేసే వింతగానే తోస్తుంది.

కథనం ఉత్తమపురుషలో సాగడం వల్ల పాఠకుని సానుభూతి అంతా లక్ష్మీరామ్ వైపే మొగ్గుతుంది. తక్కువ జీతం, పరీక్షల ఒత్తిడి, పై అధికారుల భయం మధ్య పనిచేసే ఇతర ఉపాధ్యాయుల సందేహాలకు తగిన చోటు దక్కలేదు. ఒక తరగతి ఎలా మారిందో రచన సమర్థంగా చూపింది. ఒక పాఠశాల ఎలా మారాలన్న ప్రశ్నను మాత్రం విద్యాధికారి ఔదార్యానికి వదిలేసింది.

3. వంటగదిలో మందలింపు:
‘రైలుబడి’లో పరిస్థితి భిన్నం. 1937లో తొమొయె పాఠశాలను స్థాపించిన సొసాకు కొబయాషే దానికి ప్రధానోపాధ్యాయుడు. పాత రైలుపెట్టెల్లో తరగతులు నడపడం, ఏ పాఠంతో రోజు మొదలుపెట్టాలో పిల్లలకే వదిలివేయడం, పొరుగున ఉన్న రైతును వ్యవసాయ గురువుగా పిలవడం ఆయన నిర్ణయాలే. అధికారం, ఆలోచన ఒకే వ్యక్తిలో ఉండటం వల్ల ఇక్కడ మార్పు సుగమమైంది.

అయితే కొబయాషి నాయకత్వాన్ని పట్టి ఇచ్చేది ఈ ఏర్పాట్లకంటే ఒక చిన్న సన్నివేశం. తరగతి ఉపాధ్యాయిని పాఠం మధ్యలో తకహాషి అనే పిల్లవాణ్ణి తోక ఉందా అని పరిహాసంగా అడుగుతుంది. ఆ పిల్లవాడు శారీరకంగా ఎదగని స్థితిలో ఉన్నవాడు. కొబయాషి ఆమెను తీవ్రంగా మందలిస్తాడు. కానీ ఇతర ఉపాధ్యాయులు ఉండే గదిలో కాదు, వంటగదిలో. తలుపు వెనుక నిలబడిన తొత్తోచాన్ చెవిన ఆ మాటలు పడ్డాయి. పిల్లవాని గౌరవం కోసం ఉపాధ్యాయినిని నిలదీసిన మనిషి, అదే క్షణంలో ఉపాధ్యాయిని గౌరవాన్నీ కాపాడాడు. తప్పును ఉపేక్షించలేదు; తప్పు చేసిన మనిషిని పదిమందిలో చిన్నబుచ్చనూ లేదు.

4. రచన పరిమితి:
కథనం పిల్ల చూపుతో సాగడం వల్ల ఉపాధ్యాయులు నేపథ్యంలోనే ఉండిపోయారు. కొత్త పద్ధతిని వారు ఎలా నేర్చుకున్నారో, ఎక్కడ విభేదించారో పాఠకునికి తెలియదు. 1945 వైమానిక దాడిలో పాఠశాల కాలిపోయింది. మంటలను చూస్తూనే కొబయాషి తరువాతి పాఠశాల గురించి ఆలోచించాడు. కానీ ఆయన ఆశించిన ప్రాథమిక పాఠశాల తిరిగి లేవకముందే 1963లో మరణించాడు. బడి కాలిపోవడానికి కారణం యుద్ధం. అయితే ఆ ఆశయం ఆ ఒక్కరి ఆయుష్షుతోనే ముడిపడి ఉండటం నాయకత్వానికి సంబంధించిన ప్రశ్న.

5. నేటి అన్వయం:
తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టారు. ఏళ్ల తరబడి తెలుగులో గణితం, సామాన్యశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడు ఇటువంటి మార్పులో తన విద్యార్థుల ముందే తడబడవలసి వస్తుంది. ఉత్తర్వు పైనుంచి వస్తుంది. తడబాటు తరగతి గదిలో జరుగుతుంది. ఈ రెండింటి మధ్య నిలిచేది ప్రధానోపాధ్యాయుడే. ఆయన ఉత్తర్వును చదివి వినిపించి ఊరుకుంటే ‘పగటి కల’లోని ప్రధానోపాధ్యాయునికి ప్రతిరూపమవుతాడు. తడబాటును ఏకాంతంలో సరిదిద్దే చోటు కల్పించగలిగితే కొబయాషికి దగ్గరవుతాడు.

6. ముగింపు:
ప్రధానోపాధ్యాయుని పక్కన పెట్టిన మార్పు ఒక తరగతి దాటదని ‘పగటి కల’ సూచిస్తే, ఒక్క ప్రధానోపాధ్యాయుని మీదే ఆధారపడిన మార్పు ఆయన తరువాత నిలవడం కష్టమని తొమొయె చరిత్ర సూచిస్తుంది. ఈ రెంటి నడుమ దారి ఉపాధ్యాయులను భాగస్వాములను చేయడమే. వంటగది సన్నివేశం ఆ దారికి తొలి మెట్టును చూపుతుంది. నేర్చుకునే క్రమంలో పిల్లలకు ఇచ్చే గౌరవమే, మారవలసిన ఉపాధ్యాయునికీ దక్కాలి.