అంచుకు అతికించే బొమ్మలు కావు

ఈమధ్య ఆదివాసీల పేరు మీద ఏ సభ జరిగినా ఫ్లెక్సీ అంచు మీద ఒక చుక్కల జింక నిలబడి ఉంటుంది. ఒళ్లంతా సన్నటి గీతలు, కొమ్ముల్లోంచి చెట్టు కొమ్మలు మొలిచినట్టు ఉంటాయి. కరపత్రాల మీదా అదే, డైరీల మీదా అదే. ఇది ఎవరు గీశారని డిజైన్ చేసే పిల్లలను మేము అడుగుతూ ఉంటాం. "దొరికింది సార్, ట్రైబల్ ఆర్ట్" అన్నదే ఇప్పటిదాకా విన్న జవాబు. అడవిలో తునికాకు దొరికినట్టు బొమ్మ కూడా దొరుకుతుందని వాళ్ల నమ్మకం. ఆ జింకకు కన్నవాళ్లున్నారు, వాళ్ల పేర్లు లోకానికి తెలుసు.

ఆ గీతకు మొదటి చెయ్యి జంగఢ్ సింగ్ శ్యామ్‌ది. మధ్యప్రదేశ్‌లో దిండోరి జిల్లా పాటన్‌గఢ్ ఆయన ఊరు. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ రూపుదిద్దుకుంటున్నప్పుడు చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ఊళ్లు తిరుగుతూ ఆయన వేసిన గోడ బొమ్మ చూసి భోపాల్ తీసుకెళ్లింది. జంగఢ్ పర్ధాన్. పర్ధాన్లు ఎవరో ఆదిలాబాద్ వాళ్లకు చెప్పక్కర లేదు. మైదానం పాఠకుల కోసం చెబుతున్నాం: గోండుల వంశాల కథలు, పెన్‌ల కథలు పాడి నిలబెట్టినవాళ్లు. ఇక్కడ వాళ్ల చేతిలో కిక్రి ఉంటుంది, అక్కడ బానా. పాడించుకునే ఇళ్లు చితికిపోయాక పాట నోట్లోనే ఉండిపోయింది. పాటన్‌గఢ్‌లో అది కుంచెలోకి దిగింది.

"యుగాల నాటి గోండు కళ" అని రాసేవాళ్లు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. గోడ మీద మట్టితో ఎత్తు చేసిన బొమ్మలు, ఆడవాళ్లు నేల మీదా గోడ మీదా వేసే దిగ్న ముగ్గులు పాతవే. కాగితం మీద, క్యాన్వాసు మీద దేవుళ్లనూ జంతువులనూ చుక్కలతో నింపే పద్ధతిని మాత్రం ఒక కుర్రవాడు మన కాలంలో మొదలుపెట్టాడు. దాన్ని జంగఢ్ కలం అని పిలిచేవాళ్లు అందుకే అలా పిలుస్తారు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆ కలం వెళ్లింది. 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో బొమ్మలు వేస్తూ, ఇంటికి దూరంగా, జంగఢ్ ఉరి వేసుకుని చనిపోయాడు. అటూఇటూగా నలభై ఏళ్లు.

ఆయన దగ్గర చెయ్యి తిప్పుకున్న చుట్టాలందరూ ఒకేలా గీయరు. ఎవరి నింపుడు వాళ్లది. జంగఢ్ చుక్కలు పోస్తే, భజ్జు శ్యామ్ గొలుసులాంటి అల్లిక వేస్తాడు. తెలిసినవాళ్లు కింద పేరు చూడకుండానే నింపుడు చూసి మనిషిని చెప్పేస్తారు. అంటే అది సంతకం. ఫ్లెక్సీ అంచుకు ఎక్కగానే సంతకం పోయి "జాతి కళ" అవుతుంది. జాతిది అయిపోయాక ఎవరి పేరూ రాయక్కర లేదు, ఎవరికీ పైసా ఇవ్వక్కర లేదు. గొప్ప చేసినట్టే చేసి చేతిలోది తీసుకోవడం మాకు కొత్త కాదు. 2023లో గోండు చిత్రకళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. అయితే అది కాపాడేది కళ పేరునూ పుట్టిన చోటునూ. చుక్క ఎవరిది, గొలుసు ఎవరిది అన్నది అందులో ఉండదు. నెల జీతం లేకుండా, బొమ్మకు ఇంత అని బతికే ఫ్రీలాన్స్ ఆర్టిస్టుకు కావలసింది అదే.

ఈ కలం అంచు నుంచి పేజీ మధ్యకు వస్తే ఏమవుతుందో చూడాలంటే "భీమాయన" చూడాలి. 2011లో నవయాన ప్రచురించిన అంబేడ్కర్ బొమ్మల కథ అది. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులవి. మాటలు శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ రాశారు. బడిలో నీళ్లు తాగనివ్వకపోవడం, బరోడాలో తల దాచుకోను చోటు లేకపోవడం, మహద్ చెరువు, ఇవన్నీ చదువుకున్నవాళ్లకు తెలిసిన కథలే. మేము మాట్లాడేది వాటిని గీసిన తీరు గురించి.

కామిక్ పుస్తకం అంటే డబ్బాలు. ఒక డబ్బాలో ఒక సంగతి, పక్క డబ్బాలో తర్వాతి సంగతి. వ్యామ్ దంపతులు మనుషులను డబ్బాల్లో పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆ డబ్బాల బదులు దిగ్న ముగ్గు మెలికలతో పేజీని వదులుగా విడదీశారు. దుర్గాబాయి చిన్నప్పుడు నేర్చుకున్న ముగ్గే అది. ఇంటి అలంకారం అనుకున్నది ఇక్కడ కథ నడిపే పని చేస్తోంది. రైలు పాములా సాగుతుంది. మహద్‌లో అంబేడ్కర్ మాట్లాడుతుంటే మైకుల్లోంచి నీళ్లు జల్లుగా జనం మీద పడతాయి. 1927లో ఆ చెరువు దగ్గర ఏం జరిగిందో మేము పాఠంగా చాలాసార్లు చెప్పాం. ఆ నీళ్ల మైకు చూపించాక పిల్లలకు మళ్లీ వివరించే పని లేకపోయింది.

మాకు అన్నిటికన్నా నచ్చింది మాటల బుడగలు. మెత్తని మనసుతో, దెబ్బ తిన్న మనసుతో మాట్లాడేవాళ్ల బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం విషం ఉన్న మాటకు తేలు కొండి ఉంటుంది. పైకి అనని, మనసులో అనుకున్న మాటకు కన్ను గుర్తు. ముఖాలు చూడండి. అంటరానివాడని తరిమేవాడి ముఖమూ తరిమించుకున్నవాడి ముఖమూ ఒకే చేతి ముఖాలు, అవే పెద్ద కళ్లు. చెడ్డవాడిని నల్లగా, బండ ముక్కుతో, కోరలతో గీయలేదు. విషమంతా మాటలో ఉంది, కొండి మాటకే ఉంది.

ఇది చిన్న విషయం కాదని బడి పంతుళ్లకు తెలుసు. మా పిల్లలు చదివే పురాణ బొమ్మల పుస్తకాల్లో రాక్షసుడు ఎలా ఉంటాడు? నల్లటి ఒళ్లు, ఉంగరాల జుట్టు, వెడల్పు ముక్కు, మెడలో ఎముకల దండ. దేవుడు తెల్లగానో నీలంగానో, నున్నగా ఉంటాడు. ఆ పేజీ తెరిచిన పిల్లవాడు పక్కవాడిని చూసి "ఇది నీ బొమ్మరా" అంటాడు. పాత్రకు రూపం ఇవ్వడం అంటే ఒక ముఖానికి తీర్పు రాయడమే. వ్యామ్ దంపతులు ఆ తీర్పు రాయలేదు.

లోపాలు లేవని కాదు. బస్టాపులో ఇద్దరు మాట్లాడుకుంటూ కథలోకి తీసుకెళ్లే భాగంలో మాటలు ఎక్కువ, బొమ్మ చెప్పేసినదాన్ని మాట మళ్లీ చెబుతుంది. డబ్బాలు లేవు కాబట్టి కొన్ని పేజీల్లో ఎటు నుంచి ఎటు చదవాలో పెద్దవాళ్లకే తికమక. మేము చూసింది ఇంగ్లీషు ప్రతి. మా గూడెం పిల్లలకు బొమ్మ మాత్రమే అందింది, మాట అందలేదు. బొమ్మ ఒక్కటే అందినా చాలా అందిందన్నది వేరే సంగతి.

భజ్జు శ్యామ్ చేసిన "లండన్ జంగిల్ బుక్" ఇంకో రకం. రాత్రి కాపలా, కరెంటు పని చేసుకుంటూ జంగఢ్ దగ్గర నేర్చుకున్న మనిషి ఆయన. లండన్‌లో ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేయడానికి వెళ్లి, తిరిగి వచ్చి చూసినదంతా గీశాడు. 2004లో చెన్నైలోని తారా బుక్స్ వేసింది. విమానం ఎగిరే ఏనుగు. భూమి కింద రైలు వానపాము. ఆయన్ను రోజూ గుర్తుగా ఇంటికి చేర్చే 30 నంబరు బస్సు కుక్క. అక్కడి గడియారం బురుజు కోడిపుంజు, రెండూ టైము చెప్పేవే కదా! చీకటి పడ్డాక సారా కొట్లో చేరే ఇంగ్లీషువాళ్లు గబ్బిలాలు, అక్కడ ఇప్పచెట్టు ఉంటుంది. వెరియర్ ఎల్విన్ పాటన్‌గఢ్‌లో ఉండి మావాళ్ల గురించి పుస్తకాలు రాశాడు. భజ్జు తాత ఆయన దగ్గర పని చేశాడు. మనవడు వెళ్లి ఆ దొరల ఊరి గురించి పుస్తకం చేసి వచ్చాడు. మేము ఈ పుస్తకాన్ని నవ్వుకుంటూనే చూశాం. భజ్జు వాళ్లను వెక్కిరించలేదు, తనకు తెలిసిన ప్రాణులతో కొలిచాడు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది, దుర్గాబాయికి 2022లో.

ఇక మా సంగతి. పాటన్‌గఢ్ కలం పేరు పొందింది కాబట్టి ఇక్కడి ఆశ్రమ పాఠశాల గోడల మీద కూడా ఆ జింకనే కాపీ కొట్టిస్తున్నారు. గోండు అనగానే ఒకటే బొమ్మ అయిపోయింది. మా దండారిలో గుస్సాడి పెట్టుకునే నెమలీకల కిరీటం ఉంది. నాయకపోడుల లక్ష్మీదేవర ముఖోటాలు ఉన్నాయి. కోయ డోలీలు విప్పి కథ చెప్పే పడిగెలు ఉన్నాయి. గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది, కంప్యూటర్‌లో అక్షరం కొట్టొచ్చు. ఇన్ని పెట్టుకుని వేరే రాష్ట్రపు చుక్కలు అరువు తెచ్చుకోవడం ఎందుకు? అరువు తెచ్చుకున్నా జంగఢ్ పేరు కింద రాయడానికి ఏమి అడ్డం?

కుమ్రం భీము బొమ్మనే తీసుకుందాం. పోస్టర్లలో ఆయనకు జిమ్ముకు వెళ్లిన కండలు, సినిమా హీరో మీసం. 2020లో ఒక పెద్ద సినిమా టీజరులో భీముకు టోపీ పెడితే మావాళ్లు ఎదురు తిరిగారు. కోపం న్యాయమైనదే. కానీ వాళ్ల బొమ్మ వద్దన్నాక మన బొమ్మ ఏదని అడిగితే చూపించడానికి మన చేతిలో పుస్తకం లేదు. భీమ్‌రావుకు భీమాయన ఉంది. జోడేఘాట్ భీముకు అలాంటిది గీయాల్సినవాళ్లు ఉట్నూరులోనో కెరమెరిలోనో ఉన్నారు. వాళ్లను పిలిచేవాళ్లు బొమ్మకు ఎంత, మళ్లీ అచ్చు వేస్తే ఎంత, అట్ట మీద పేరు ఎక్కడ అన్నది ముందే కాగితం మీద రాయాలి. "మనవాడే కదా, చాయ్ తాగించి గీయించుకుందాం" అనే అలవాటు మన సంఘాల్లో కూడా ఉంది.

భీమాయన బుడగలు చూశాక మా ఆరో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాం: మీ ఊళ్లో వినే మాటలకు ఆకారాలు వేయండి అని. అవ్వ మాటకు ఇప్పపువ్వు వేశారు. అప్పు ఇచ్చే సేటు మాటకు జలగ. పోడు మీదికి వచ్చి అరిచేవాడి మాటకు ఎలుగుబంటి పంజా. మెత్తగా "ఏం పెద్దాయనా, బాగున్నావా" అని పలకరించి వెనక కేసు రాసేవాడి మాటకు ఏ ఆకారం వేయాలో మాత్రం తేలలేదు. సగం మంది పిట్ట వేసి దానికి తేలు కొండి పెట్టారు. మిగతా సగం అది పిట్టను అవమానించడమని ఇంకా కొట్లాడుతున్నారు.