టీ డబ్బులు ఎవరిస్తారు?

మా ఊరి బస్టాండు పక్కన టీకొట్టులో ఒక రేకు బోర్డు వేలాడేది. ‘ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు’ అని ఎండకి వెలిసిన ఎర్ర అక్షరాలు. సరిగ్గా ఆ బోర్డు కింద బల్ల మీద కూర్చునే మా ఊరు రాజకీయాలు మాట్లాడేది.

కొట్టుకి వచ్చేది ఒకటే పేపరు. దాన్ని విడదీసి తలా ఒక కాగితం పట్టుకునేవాళ్ళు. మొదటి పేజీ రిటైరైన పోస్టుమాస్టరు గారి దగ్గర, జిల్లా ఎడిషన్ ఆటోవాళ్ళ దగ్గర, ఆటల పేజీ మా కుర్రకారు దగ్గర. పక్కాయన చేతిలో కాగితం మన చేతికి వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ ఆగడంలోనే ఒకరు వార్త పైకి చదివేవారు, ఇంకొకరు అడ్డం తగిలేవారు. అక్కణ్ణించి చూస్కోండి.

మాట ముదిరితే గ్లాసు బల్లకేసి కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ‘నేను ఓడిపోయాను’ అని ఒక్కరు అనగా నేను వినలేదు. మాట చెల్లనివాడు లేచి, లుంగీ దులుపుకుని, “బాబాయ్, టీలన్నీ నా ఖాతాలో రాసుకో” అనేవాడు. అందరికీ అర్థమైపోయేది. నెగ్గినవాడు కూడా దాన్ని సాగదీసేవాడు కాదు. తెల్లారితే మళ్ళీ అదే బల్ల మీద పక్కపక్కన కూర్చోవాలి గదా.

ఇన్నేళ్ళ తర్వాత ఆ బల్లని తెర మీద కట్టాలని బుద్ధి పుట్టింది. నా పని అదే. ఫోన్లో ఏ మీట ఎక్కడుండాలి, వేలు ముందు ఎటు పోతుంది, ఏది కనబడాలి, ఏది దాగాలి అని గీసిపెట్టడం. స్నేహితులు నలుగురం కలిసి తెలుగులో వార్తల మీద వాదించుకోవడానికి ఒక చోటు కడదామనుకున్నాం. వార్త మేం రాయం. నలుగురూ చదివిన వార్తని మధ్యలో పెట్టి కుర్చీలు వేస్తామంతే. ‘ఇందులో పెద్ద పనేముంది, రెండు నెలల్లో లేపేద్దాం’ అన్నది నేనే.

అందరూ చేసేదే నేనూ గీశాను. పైన వార్త, కింద రాసుకునే పెట్టె, పక్కన బొటనవేలు బొమ్మ, దాని పక్కన అంకె. ఎక్కువమంది స్పందించిన మాట పైకి రావాలి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పది రోజుల్లో తెలిసింది నేను కట్టింది బల్ల కాదని, కోడిపందేల బరి అని. ఎక్కువ స్పందన దేనికొస్తుంది? తిట్టుకి. తిట్టుకి ఇంకో తిట్టు జవాబు. రెండూ కలిసి పైకి. పొద్దున్నే వచ్చినవాడికి మొట్టమొదట కనిపించేది రాత్రి జరిగిన పెద్ద గొడవ. ఓపిగ్గా రాసిన నాలుగు మంచి వాక్యాలు ఎక్కడో అడుగున పడుండేవి.

బడి పంతులమ్మ ఒకావిడ పిల్లల మధ్యాహ్న భోజనం వార్త మీద చాలా వివరంగా రాశారు. గుడ్లు ఎప్పుడొస్తాయి, బియ్యం ఎలా ఉంటాయి, వంటవాళ్ళకి బిల్లులు ఎందుకు ఆలస్యమవుతాయి అని. కింద ఎవరో ‘ముందు ఇంట్లో వంట చూసుకోమ్మా’ అని రాశాడు. దానికి బొటనవేళ్ళే బొటనవేళ్ళు. మా తూకం ప్రకారం అది ఆవిడ రాసినదాని మీదకి ఎక్కి కూర్చుంది. మర్నాడు ఆవిడ వెళ్ళిపోయారు. నేను క్షమాపణ రాస్తే ఒకే ముక్కలో జవాబిచ్చారు: “కుర్చీలు వేశారు బాబూ, పెద్దమనిషిని పెట్టలేదు.”

ఇది మా ఒక్కరి కథ కాదు. బ్రిటన్‌లో ది గార్డియన్ పత్రిక తన వార్తల కింద పదేళ్ళలో పోగైన ఏడు కోట్ల వ్యాఖ్యల్ని 2016లో జల్లెడ పట్టింది. అత్యధికంగా దూషణకు గురైన పదిమంది రచయితల్లో ఎనిమిదిమంది ఆడవాళ్ళు. మిగిలిన ఇద్దరు మగవాళ్ళూ నల్లజాతివాళ్ళు. అమెరికాలో పాపులర్ సైన్స్ పత్రిక 2013లో, ఎన్‌పీఆర్ రేడియో 2016లో వ్యాఖ్యల తలుపులే మూసేశాయి. అంటే మా టీకొట్టు బోర్డు తగిలించాయన్నమాట. వాళ్ళని తప్పుపట్టను. కానీ బోర్డు వల్ల మాటలు ఆగవని మా టీకొట్టు బాబాయికి ఎప్పుడో తెలుసు. అవి ఇంకో కొట్టుకి పోతాయి.

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. మనకంటే ముందు ఈ పని చేసినవాళ్ళు ఏం చేశారని.

1997లో అమెరికాలో మొదలైన స్లాష్‌డాట్ అనే వార్తా చర్చల సైటు దగ్గర నాకు కావలసిన పెద్దమనిషి దొరికాడు. ఒక్కడు కాదు, వంతులవారీగా చాలామంది. మామూలుగా వచ్చిపోయే సభ్యుల్లోంచే కొందరికి ఏ ముందస్తు కబురూ లేకుండా ఐదు పాయింట్లు వచ్చేవి. ఆ పాయింట్లతో ఇతరుల మాటల్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. మూడు రోజుల్లో వాడకపోతే అవి మురిగిపోతాయి. తను నోరు విప్పిన చర్చలో మాత్రం తీర్పు చెప్పకూడదు. ఎంత గొప్ప మాటకైనా ఐదుకి మించి విలువ లేదు. కాలువ కింద వారబందీ వేసినట్టు అధికారం ఇవాళ నీ పొలానికి, రేపు నా పొలానికి. శాశ్వతంగా తూము దగ్గర కూర్చునే మొనగాడు లేడు. పైగా ఊరికే బాగుంది, బాగాలేదు అంటే చాలదు. ఆలోచింపజేసేదా, సమాచారం ఇచ్చేదా, నవ్వించేదా, నిప్పు రాజేసేదా, ఏదో ఒకటి ఎంచి చెప్పాలి. మెచ్చుకోవడానికి కారణం వెతుక్కోవాల్సి వస్తే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మా టీకొట్టులో కాగితం కోసం ఆగినట్టే.

నార్వేలో ఆ ఆగడాన్ని ఇంకోలా కట్టారు. అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థకి చెందిన ఎన్ఆర్‌కే బీటా అనే సైటు 2017లో కొన్ని వార్తల కింద మూడు చిన్న ప్రశ్నలు పెట్టింది. వార్త చదివితేగానీ వాటికి జవాబు చెప్పలేం. జవాబు చెప్తేగానీ వ్యాఖ్య పెట్టె తెరుచుకోదు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే రకాన్ని గుమ్మంలోనే ఆపే ఏర్పాటు. నేనూ పెట్టాను. మూడోరోజుకే ఒక పెద్దాయన కోపంగా రాశారు: “నాకు డెబ్బై ఏళ్ళు, నాకు పరీక్ష పెడతావా?” అదీ నిజమే. మన దగ్గర పరీక్ష అనగానే బెత్తం గుర్తొస్తుంది. ప్రశ్న తీసేసి, ‘ఈ వార్తలో ఏ వాక్యం మీద మాట్లాడదలచుకున్నారో దాని మీద వేలు పెట్టండి’ అన్నాను. పెట్టాలంటే చదవాలి. మాట కూడా ఆ వాక్యానికే అతుక్కుని ఉంటుంది. పోలవరం వార్త కింద పక్కింటి కుక్క గురించి రాయడం తగ్గింది.

మనసుని బాగా కదిలించింది తైవాన్ అనుభవం. 2014 మార్చిలో అక్కడి విద్యార్థులు చైనాతో వాణిజ్య ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ పార్లమెంటు భవనంలో తిష్ఠ వేశారు. ఆ ఉద్యమం తర్వాత సాంకేతిక నిపుణులైన కార్యకర్తల చేతుల మీదుగా వీతైవాన్ అనే ప్రజా చర్చా వేదిక వచ్చింది. 2015లో ఉబర్ ట్యాక్సీల గొడవని అక్కడే పెట్టారు. వాళ్ళు వాడిన పోలిస్ అనే పరికరంలో జవాబిచ్చే మీటే లేదు. ఎవరైనా ఒక మాట రాయవచ్చు. మిగతావాళ్ళు దానికి ఔనని, కాదని, వదిలేస్తున్నానని మాత్రమే చెప్పగలరు. తిట్టుకి ఎదురు తిట్టు పెట్టడానికి చోటే లేదు. ఎవరు ఎవరితో ఏకీభవిస్తున్నారో లెక్కగట్టి, అది జనాన్ని గుంపులుగా చూపిస్తుంది. గుంపుకీ గుంపుకీ మధ్య కలిసిన మాటలు వెలుగులోకి వస్తాయి. ఉబర్ కావాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ ప్రయాణికులకి బీమా ఉండాలి వంటి మాటల దగ్గర కలిశారు. నేను మొదట గీసిన తూకంలో బలగం ఉన్న మాట పైకి వచ్చేది. ఇక్కడ అవతలి బలగం కూడా తల ఊపిన మాట పైకి వస్తుంది. ఒక్క లెక్క మారిస్తే బరి బల్ల అయింది.

తెలుగులో మాత్రం మన చిక్కు మనదే. బూతుల పట్టిక పెట్టుకుని వడగడదామంటే మన భాషలో అవమానానికి బూతు అక్కర్లేదు. ‘ఆయన’ అనాల్సిన చోట ‘వాడు’ అంటే చాలు. ‘మీరు’ని ‘నువ్వు’ చేస్తే చాలు. అంతకంటే ఘోరం, ‘తమరు సెలవిచ్చారు కదా’ అన్న అతిమర్యాద. ఏ యంత్రం పట్టుకుంటుంది దాన్ని? పైగా చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఒక్కొక్కరిదీ ఒక్కో వర్ణక్రమం. విభక్తులూ ప్రత్యయాలూ అతుక్కుని ఒకే మాట నూరు వేషాలు వేస్తుంది. అందుకే యంత్రానికి కాపలా పని ఇచ్చి, తీర్పు పని స్లాష్‌డాట్ తరహా వంతు పెద్దమనుషులకే వదిలాం. చట్టం ఎలాగూ మనిషినే అడుగుతుంది. 2021 ఐటీ నిబంధనలు ఫిర్యాదుల అధికారి పేరు బయట పెట్టమన్నాయి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పమన్నాయి, గడువులోగా తేల్చమన్నాయి. మా నలుగురిలో ఆ పేరు నాదే.

తెలుగులోనూ మాకంటే ముందే ఇలాంటి బల్ల వేసినవాళ్ళున్నారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. అక్కడి సభ్యులు కలిసి మాట్లాడుకునే పేజీకి పెట్టుకున్న పేరు రచ్చబండ. ప్రతి వ్యాసానికీ వెనకాల ఒక చర్చ పేజీ ఉంటుంది, ప్రతి మాట కిందా సంతకం ఉంటుంది, పాత రూపాలన్నీ చరిత్రలో భద్రంగా ఉంటాయి. ఆ పేరు చూసినప్పుడల్లా సంతోషమూ వేస్తుంది, ఒక ముల్లూ గుచ్చుకుంటుంది. ఊళ్ళో రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారు?

మా టీకొట్టు గురించి మురిపెంగా చెప్పాను. చెప్పనిది ఒకటుంది. కొట్టు పక్కగోడకి మేకులు కొట్టి వేరే గ్లాసులు తగిలించేవారు. ఆ గ్లాసుల్లో తాగేవాళ్ళు నిలబడి తాగి, వాళ్ళ గ్లాసు వాళ్ళే కడిగి, మేకుకి తగిలించి వెళ్ళేవాళ్ళు. వార్త వాళ్ళ వాడ గురించి అయినా సరే, బల్ల మీద మాట్లాడింది మేమే. ఆడవాళ్ళయితే ఆ కొట్టు గడప తొక్కిందే లేదు. “టీలన్నీ నా ఖాతాలో” అన్నప్పుడు ఆ ‘అన్నీ’లో గోడ మీది గ్లాసులు ఉన్నాయో లేదో నేను ఏనాడూ అడగలేదు.

కనుక ఆ బల్లని ఉన్నదున్నట్టు తెర మీదికి తేవడం నేను చేయకూడని పని. పాత రచ్చబండకి రేపు అనేది ఉంది, అందరూ లేరు. ఇప్పటి ఫోన్లో అందరూ ఉన్నారు, రేపు లేదు. తిట్టి వెళ్ళిపోయినవాడికి మళ్ళీ మన మొహం చూసే పని పడదు. ఈ రెంటినీ కలిపి కుట్టడమే మా పని అని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఒక్కో వార్త మీద చర్చ మూడు రోజులు నడుస్తుంది. ఒక్కొక్కరికి రోజుకి మూడే మాటలు. కొత్తగా వచ్చినవాళ్ళ మొదటి మాట పాతవాళ్ళ పక్కనే, అదే సైజులో కనిపిస్తుంది. మనిషి పక్కన అంకె ఉండదు. అంకె ఉన్నచోట వెనక్కి తగ్గడం కష్టం. నూరుమంది చప్పట్లు కొట్టాక ఎవడు నాలిక కరుచుకుంటాడు?

వెనక్కి తగ్గడం దగ్గరే నా చెయ్యి చాలాకాలం ఆగిపోయింది. ఔననడానికి మీట ఉంది, కాదనడానికి ఉంది, ఫిర్యాదుకి ఉంది. ‘నువ్వన్నది నాకు ఎక్కింది’ అనడానికి లేదు. ఒకటి పెట్టాను. ముందు దాని మీద ‘మనసు మార్చుకున్నాను’ అని రాశాను. పెళ్ళి తప్పిపోయినట్టుంది, ఎవరూ నొక్కలేదు. ‘ఒప్పుకుంటున్నాను’ అన్నాను. పోలీసు స్టేషన్లో సంతకం పెట్టినట్టుంది. ‘మీరన్నది నిజమే’ అన్నాను. అది బాగా నొక్కారు, వెటకారానికి.

టీకొట్టు గుర్తొచ్చింది అప్పుడే. మీట మీద రెండే మాటలు రాశాను: ‘టీ నాది’. నొక్కితే ఎదుటివారికి ఒక్కరికే తెలుస్తుంది. ఊరంతా చూడదు, లెక్క ఉండదు, చప్పట్లు ఉండవు. వాళ్ళిద్దరూ బయటపెట్టమని కోరితే తప్ప మాక్కూడా కనబడదు.

పంతులమ్మ ఇంకా తిరిగి రాలేదు. మారిన సంగతి రాశాను, చూస్తానన్నారు. ఆవిడ చూడాలనే ఇంకా గీస్తున్నాను.

పోయినవారం ఒక ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసే వార్త మీద ఇద్దరు తలపడ్డారు. ఒకాయన షాపు పోతుంది, ఇంకొకాయన అంబులెన్సు నడుపుతాడు. మూడు రోజులూ తొమ్మిదేసి మాటలూ ఖర్చు పెట్టుకున్నారు. నాలుగోరోజు పొద్దున్న ఇద్దరి అంగీకారంతో ఒక చీటీ మా బల్ల మీదికి వచ్చింది. షాపాయన ‘టీ నాది’ నొక్కారు. కింద అంబులెన్సాయన జవాబు:

“పంచదార తక్కువ వెయ్యమనండి. సాయంత్రం మీ షాపు దగ్గరికే వస్తా, ఎంత మేర పోతుందో చూపిద్దురుగాని.”