అంకెకు అర్థం చెప్పే పనితనం

లినక్స్ కంప్యూటర్‌లో ‘సెన్సార్స్’ కమాండ్ చూపే అంకెలను చదవడం, సరిదిద్దడం పెద్దగా ఎవరి కంటా పడని నేర్పు. లినక్స్‌కు గుండెకాయైన కెర్నల్ వేడిని డిగ్రీలో వెయ్యో వంతుల్లో రాస్తుంది: 45000 అంటే 45 డిగ్రీలు. వోల్టేజి అంత సూటిగా ఉండదు. 12 వోల్టులను కొలత చిప్ నేరుగా తట్టుకోలేదు కనుక రెండు రెసిస్టర్లు ముందే తగ్గించి ఇస్తాయి. వాటి విలువలు బోర్డుకో తీరు. పని తెలిసినవారు మల్టీమీటర్‌తో పోల్చి చూసి, నిష్పత్తి కట్టి, కాన్ఫిగ్ ఫైల్లో ‘కంప్యూట్’ వరుసగా రాస్తారు. ఏ తీగా తగలని పిన్ను 127 డిగ్రీలని చూపినా కంగారుపడరు, ‘ఇగ్నోర్’ అని రాసి పక్కన పెడతారు. రైజెన్ 1800ఎక్స్ ప్రాసెసర్ తన వేడికి 20 డిగ్రీలు కలిపి చెబుతుందనీ వారికి తెలుసు. మండు వేసవిలో రాజమహేంద్రవరంలో ఏసీ లేని గదిలో ప్రాసెసర్ 25 డిగ్రీలంటే ఆ కొలతను నమ్మరు. ఫ్యాను గాలితో చల్లబడే చిప్ గదికన్నా చల్లగా ఉండలేదు. కొలతతో పాటు దాని హద్దులూ తెలియాలి. గోదావరిపై ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. ఆ హద్దులు తెలిసినవారికే నది నీటిమట్టం ఏం చెబుతోందో అర్థమవుతుంది. కంప్యూటర్‌కూ అలాంటి హద్దులను ‘సెట్’ వరుసలతో పెడతారు. అవి దాటితే ‘అలారం’ కనిపిస్తుంది. దుమ్ము పట్టి నెమ్మదించిన ఫ్యాను ఆగిపోకముందే దొరుకుతుంది, వోల్టేజి కొలతను సరిదిద్దుకుంటే బాగున్న పవర్ సప్లైని అనవసరంగా మార్చే ఖర్చు తప్పుతుంది. సరిచూడని కొలత కన్నా కొలత లేకపోవడమే మేలు.