ముట్టుగుడ్డయు మరుగుమాటయు

రజస్వలయైన స్త్రీకి తైత్తిరీయసంహిత యొసగిన పేరు మలవద్వాసస్సు. మలినమైన వస్త్రము గలది యని దాని యర్థము. ఆమె దేహమును గాని బాధను గాని పేర్కొనక, కట్టిన గుడ్డను బట్టి పిలిచిన పిలుపిది. ఆ సంహితలోని కథ సంస్కృతము చదివినవారెల్ల నెరిగినదే. ఇంద్రుడు త్వష్ట కుమారుడగు విశ్వరూపుని చంపి, ఆ బ్రహ్మహత్యను భూమికిని వృక్షములకును స్త్రీలకును పంచిపెట్టెను. భూమి పాలు చవుటినేల యయ్యెను. చెట్ల పాలు బంక యయ్యెను. స్త్రీల పాలు నెలనెల వచ్చు రక్తమయ్యెను. ఆ వెంటనే, ఆమెతో మాటాడరాదు, ఆమెతో కూర్చుండరాదు, ఆమె తల దువ్వుకొనరాదు అని నిషేధముల వరుస. వసిష్ఠధర్మసూత్రము సైతము ఈ కథనే చెప్పినది.

కథను కథగానే విమర్శింతము. చంపినవాడు ఇంద్రుడు; ఆతడు శుద్ధుడై స్వర్గమేలుచున్నాడు. పంచుకొన్న మువ్వురిలో చెట్టుబంకకు సంహిత యేదో చిన్న నిషేధము పెట్టినను మనము దానిని మరచితిమి. తుమ్మబంకను మూటగట్టి యింటికి దెచ్చుకొందుము. చవుటినేలను త్రవ్వి చేపలచెరువులు చేసికొంటిమి. మరువనిది స్త్రీల వంతు నొక్కదానినే. శాస్త్రమున కింత విధేయులమని చెప్పుకొనువారు మూడింట రెండు పాళ్లు విడిచి ఒక్కపాలును మాత్రమే యేల పట్టుకొనిరో చెప్పవలసియున్నది.

మన తెలుగు మాటలు గుడ్డను సైతము విడిచి స్థలమును పట్టుకొన్నవి. బహిష్టు, దూరము, బయట ఉండుట: ఇవి యన్నియు ఆమె యెచ్చట కూర్చుండెనో చెప్పునే గాని ఆమెకేమి కలిగెనో చెప్పవు. ముట్టు అను మాట మరింత వింతయైనది. ముట్టుకొనరాని దానికి ముట్టు అనియే పేరు. ఇందుకు తోడు మన గోదావరి జిల్లాలలో, నల్లజర్ల మెట్ట మొదలు కొల్లేటి లంకల వరకు, పిల్ల ఈడేరిన నాడు జరుగు సంబరమును చదువరులు చూచియే యుందురు. పందిరి, బాజాలు, చిమ్మిలి, బంధువుల కట్నములు, వీధి మొగను పిల్ల నిలువెత్తు ఫ్లెక్సీ! మొదటి నెల ఊరికంతటికి చాటిన వార్త, రెండవ నెల నుండి ఇంటిలోని అన్నదమ్ములకు సైతము తెలియరాని రహస్యము. ఈ రెంటిలో ఏది మన యాచారమో మాకు బోధపడదు.

సంస్కర్తలను కూడ విడువరాదు. 1891 నాటి సమ్మతివయశ్శాసనము గాని, 1929 నాటి శారదాశాసనము గాని చర్చకు వచ్చినపుడు బాలిక రజస్వల యగుట సభలలోను పత్రికలలోను బాహాటముగా మాటాడబడినది. మా యేలూరున 1902 లో సత్తిరాజు సీతారామయ్యగారు స్థాపించిన హిందూసుందరి వంటి స్త్రీల పత్రికలు పుట్టిన కాలమది. మహోపకారము జరిగిన మాట నిజమే. కాని ఆ వాదములన్నిటిలో రజస్వల యనునది వివాహమునకు గడువు మాత్రమే. ముందు పెండ్లియా, తరువాత పెండ్లియా? పెండ్లి సంగతి తేలినపిమ్మట ఆ పిల్ల ఏ గుడ్డ కట్టుకొన్నది, ఎచ్చట ఉదికినది, ఎచ్చట ఆరవేసినది అను ప్రశ్నలు పెద్దలకు రాలేదు.

వచ్చియున్నచో మరియొక సంగతియు బయటపడెడిది. అగ్రకులముల యిండ్లలోని మైలగుడ్డలను ఉదికినది ఆ యిండ్లవారు గారు, చాకలి స్త్రీలు. మైల యొకరిది, దానిని ముట్టవలసిన చేయి మరియొకరిది. తరువాత వాడి పారవేయు శానిటరీ న్యాప్‌కిన్లు వచ్చినవి. ఆ చేయి మారినది గాని యేర్పాటు మారలేదు. ఇపుడు చెత్తబండి వెంట నడచు పారిశుద్ధ్యకార్మికులు వానిని వట్టిచేతులతో వేరుచేయుచున్నారు. ఇట్టివానిని విడిగా చుట్టి పారవేయుటకు తయారీదార్లు సంచులీయవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నిబంధనలు చెప్పినవి. మా ప్రాంతపు కాలువగట్లను చూచినవారికి ఆ నిబంధన యెంతవరకు వచ్చినదో తెలియును.

ఇట్టి దశలో అంగడికి వచ్చిన క్రొత్త వస్తువు, మరల మరల ఉదికి వాడుకొనదగిన ఋతుకాలపు లోదుస్తు; పీరియడ్ ప్యాంటీ యని వ్యవహారము. చూచుటకు మామూలు లోదుస్తే. ఒంటికి తగులు పొర తడిని లోనికి పీల్చును. నడిమి పొర దానిని పట్టియుంచును. వెలుపలి పలుచని పొర బయటికి పోనీయదు. చన్నీట జాడించి, సబ్బుతో ఉదికి, బాగుగా ఆరవేసినచో సుమారు రెండేండ్లు పనికివచ్చునని చేయువారు చెప్పుదురు. యోచించి చూడగా ఇది మన అవ్వల నాటి ముట్టుగుడ్డయే; కుట్టుపని నేర్చి, పొరలు కూర్చుకొని, పేరు మార్చుకొని వచ్చినది.

2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో పదునైదు మొదలు ఇరువదినాలుగేండ్ల వయసు స్త్రీలలో సుమారు సగముమంది గుడ్డ వాడుచున్నామనిరి. ఆ సర్వే న్యాప్‌కిన్లను, టాంపాన్లను, కప్పులను ఆరోగ్యకరములని లెక్కించినది, గుడ్డను లెక్కింపలేదు. పాతచీర చింపి శుభ్రముగా ఉదికి యెండలో ఆరవేసిన స్త్రీ యనారోగ్యపు పద్దులో చేరినది. అదే గుడ్డ వందల రూపాయల ధరతో అట్టపెట్టెలో వచ్చినచో నాగరకమైనది! దోషము గుడ్డలో లేదు. దానిని చీకటిమూల, చీరల క్రింద దాచి తడి యారకుండ మరల కట్టుకొనుటలో నున్నది. ఆ దాచుట సిగ్గువలన వచ్చినది. లెక్క వేయవలసినది సిగ్గునకు గదా?

ఇక ఈ వస్తువుల ప్రకటన వాఙ్మయము మాకు బొత్తిగా నచ్చలేదు. ఎవరికిని తెలియదు, మరక కానరాదు, వాసన రాదు, తెల్లబట్ట కట్టి గంతులు వేయవచ్చును: చిరకాలముగా న్యాప్‌కిన్లవారు చెప్పినదే వీరును చెప్పుచున్నారు. న్యాప్‌కిన్ల ప్రకటనలలో రక్తమునకు బదులు నీలినీరు పోసి చూపుట పరిపాటి. 2017 లో గాని ఒక బ్రిటిషు సంస్థ ఎర్రనీరు చూపుటకు సాహసింపలేదు. ఎవరికిని తెలియదు అను వాగ్దానము, తెలియుట తప్పు అను సిద్ధాంతముపై నిలిచియున్నది. విడుదల యని యమ్ముచున్నది మరుగునే. 2018 నాటి ప్యాడ్ మ్యాన్ చిత్రము మురుగనాథముగారి యంత్రకథను దేశమంతట తెలిపినది, మంచిదే. కాని అందును స్త్రీల సిగ్గు పోగొట్టు వీరుడు పురుషుడే. ఆ యేటి పీరియడ్: ఎండ్ ఆఫ్ సెంటెన్స్ అను చిన్న చిత్రమే మాకు మేలుగా తోచినది. హాపుర్ జిల్లా కాఠీఖేరాలో స్త్రీలే యంత్రము నడిపి, సరకు చేతబట్టుకొని యమ్మబోవుట అందు చూతుము. 2019 లో దానికి ఆస్కారు వచ్చినది.

మన రాష్ట్రమున 2021 అక్టోబరు 5న స్వేచ్ఛ యను పథకమును ప్రారంభించి, ప్రభుత్వ పాఠశాలలలో ఏడవ తరగతి మొదలు చదువు బాలికలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఈయ సంకల్పించిరి. బడి మానకుండుటకు అది సాయమే, ఉపాధ్యాయులమై కాదనజాలము. అయినను పారవేయు వస్తువునకొక చిత్రమైన గుణము గలదు. దానిని ఇంటిలో నెవరికిని చూపక వాడి, ఎవరికిని చూపక పారవేయవచ్చును. వస్తువు మారును, మనసు మారనక్కరలేదు. లోదుస్తు అట్లు గాదు. దానికి నీరు కావలెను, ఎండ కావలెను, దండెము కావలెను. దళసరి పొరలు గలది గనుక శ్రావణపు ముసురులో ఒక్కనాటికి ఆరదు. అత్తగారి కంటబడును, మగని కంటబడును, తమ్ముని కంటబడును. దండెముపై దానికి చోటీయని యింట అది పాత ముట్టుగుడ్డ పాలైన చీకటిమూలకే పోవును. అపుడు అంత ఖరీదు పెట్టి కొన్నదియు రోగమునే తెచ్చును.

ఖరీదు మాట గలదు. ఒక్కటి చాలదు, మూడు నాలుగైన కావలెను. పొగాకు గ్రేడింగునకు పోవు కూలిస్త్రీ ఒక్కసారిగా అంత సొమ్ము తీయలేదు. రెండేండ్ల లెక్కలో చౌక యని ఆమెకు చెప్పుట మన లెక్కలపాండిత్యమునకే తృప్తి. బ్రిటనులో 2024 జనవరి 1 నుండి వీనిపై పన్ను తీసివేసిరి. చుట్టును నీరేయైనను త్రాగునీరు కొనితెచ్చుకొను కొల్లేటి లంకలలో, రోజుకు రెండుసార్లు జాడించుటకు మంచినీరెవరిత్తురు? చేపలచెరువు నీట ఉదుకుమని చెప్పలేము.

మరియొక శంక. ఈ దుస్తులలో పీఎఫ్ఏఎస్ అను రసాయనములున్నవని అమెరికాలో ఒక ప్రసిద్ధ సంస్థపై వ్యాజ్యము నడచి, 2023 లో రాజీ కుదిరినది. సంస్థ ఆరోపణల నొప్పుకొనలేదు. కావున ఏ పొర దేనితో చేసిరో అట్టపెట్టెమీద అచ్చువేయుమని కొనువారు గట్టిగా నడుగవలెను. ఉదుకు విధమును తెలుగున నచ్చువేయుమని కూడ నడుగవలెను. మేము చూచినవానిలో ఎవరికిని తెలియదు అను మాట పెద్ద యక్షరములలోను, ఎట్లు ఉదుకవలెనో చిన్న యక్షరములలోను, అదియు ఇంగ్లీషులోను ఉన్నది.