ఇంగ్లీషు పరీక్షలు కొలిచేదేమిటి?

"కన్యాశుల్కం"లో ఒక ఇంగ్లీషు పరీక్ష ఉన్నది. పట్నంలో చదువు వెలగబెట్టి వచ్చిన వెంకటేశమూ, వాడి వెంట దిగిన గిరీశమూ తన ఎదట ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గిరీశం చంటిపిల్లలు పాడే పాట ఎత్తుకుంటాడు. వెంకటేశం వాచకంలోని వాక్యం ఒకటి, క్షేత్రగణితంలోది ఒకటి, నామవాచకాల బహువచన రూపాలను గురించిన వ్యాకరణ సూత్రం ఒకటి వరసగా అప్పజెబుతాడు. 1909 కూర్పు వచ్చిన నాటినుంచీ ఈ రంగం చూసి మనం నవ్వుతూనే ఉన్నాం. నవ్వవలసిందే. అయితే వెంకటేశం చెప్పిన వ్యాకరణ సూత్రం తప్పు కాదన్న సంగతి నవ్వులో మరచిపోతాం. దాన్నే ప్రశ్నపత్రంలో అడిగితే వాడికి పూర్తి మార్కులు వస్తాయి. వాడికి సూత్రం వచ్చు, భాష రాదు. పరీక్ష చేసే ఆవిడకు ఈ రెంటికీ గల తేడా తెలిసే వీలు లేదు. గురజాడ నాటకంలో తేల్చిపారేసిన ఈ విషయాన్ని, పరీక్షలు నడపటమే వృత్తిగా గలవాళ్ళు గుర్తించటానికి చాలాకాలం పట్టింది. గుర్తించిన తరవాత కూడా పూర్తిగా ఆచరణలో పెట్టారని చెప్పలేం.

తెలుగు చెప్పుకునేవాడికి ఇంగ్లీషు పరీక్షల గొడవ దేనికని ఎవరైనా అడగవచ్చు. నా దగ్గర బి.ఏ.లో తెలుగు చదివిన కుర్రవాడొకడు, ఇంటర్మీడియేట్ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాడు, పైచదువుకు విదేశం వెళ్ళే ప్రయత్నంలో ఐ.ఇ.ఎల్.టి.ఎస్.కు కూచున్నాడు. చదివి అర్థం చేసుకునే భాగంలో కావలసిన బాండు రాలేదు. ఒక ఆదివారం మాదిరి ప్రశ్నపత్రాలు పట్టుకుని మా ఇంటికి వచ్చి, "వ్యాసం నాకు అర్థమయింది మాస్టారూ, ప్రశ్నే అర్థం కాలేదు" అన్నాడు. మొదట ఇది ఓడినవాడు చెప్పుకునే సాకు అనుకున్నాను. ఆ పత్రాలు ముందు వేసుకుని నాలుగు గంటలు కూచున్న తరవాత అంత తేలికగా కొట్టిపారెయ్యలేకపోయాను.

వెనక జరిగినది కొంత చెప్పాలి. విదేశీయుల ఇంగ్లీషు ప్రౌఢిమను పరీక్షించటానికి కేంబ్రిడ్జివారు 1913లో ఒక పరీక్ష ప్రారంభించారు. ఇంగ్లీషు బోధించదలచిన పరదేశీయుల కోసం ఏర్పడినది అది. మొత్తం పన్నెండు గంటల పని: అనువాదం, వ్యాకరణం, వ్యాసరచన, సాహిత్యం, ధ్వనిశాస్త్రం, పైన సంభాషణ. ఆ ఏడు కూచున్నది ముగ్గురు. ముగ్గురూ తప్పారు! ఎంత క్రూరమైన పరీక్ష అయినా, మనిషి చేత భాషను వాడించి చూడాలన్న ఉద్దేశం అందులో కనిపిస్తుంది. ముగ్గురి పత్రాలు దిద్దటానికి మనుషులు సరిపోతారు. లక్షల మంది కూచునేసరికి ఆ పద్ధతి సాగదు. రెండో ప్రపంచయుద్ధం తరవాత అమెరికాలో భాషను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క ప్రశ్న వేసి, నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎన్నుకోమనే పద్ధతి బలపడింది. రాబర్ట్ లాడో 1961లో వెలువరించిన గ్రంథం దానికి శాస్త్రగౌరవం కల్పించింది. టోఫెల్ మొదటిసారి జరిగినది 1964లో. ముక్కలన్నీ కలిపితే భాష కాదని జాన్ కారల్ ఆ 1961లోనే అభ్యంతరం చెప్పాడు. యంత్రంతో దిద్దించటంలో ఉన్న చవక ముందు ఆ అభ్యంతరం చాలాకాలం నిలవలేదు. శాస్త్రచర్చగా కనిపించే దాని వెనక ఖర్చు లెక్క ఉండటం ఇదే మొదటిసారి కాదు గదా.

ఖాళీలు పూరించే పరీక్ష చరిత్ర ఇంతకంటే చిత్రమైనది. 1953లో విల్సన్ టేలర్ అనే ఆయన దీన్ని కనిపెట్టినది విద్యార్థుల కోసం కాదు. పత్రికలలో వచ్చే రచన ఎంత సులభంగా చదువుకోవచ్చునో తేల్చటానికి, ఇన్ని మాటలకు ఒకటి చొప్పున గుడ్డిగా కొట్టేసి, పాఠకులు ఎన్ని ఖాళీలు పూరించగలరో చూశాడు. పూరించలేకపోతే తప్పు రచనది! అదే పనిముట్టు బడిలోకి రాగానే తప్పు చదివేవాడిదయింది. ఈ మార్పును గురించి ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. ఇవాళ ప్రౌఢస్థాయి పరీక్షలలో కొట్టివేత గుడ్డిగా జరగదు. పత్రం తయారు చేసేవాడు ఏ మాట తియ్యాలో ఏరుకుంటాడు. కాబట్టి ఏ మాట తీశాడన్న దాంట్లోనే పరీక్ష మంచిచెడ్డలున్నాయి.

మన భాషలోనే చూద్దాం. "వానలు బాగా పడ్డాయి, ... పంట చేతికి రాలేదు" అన్నచోట "గాని" రాయాలంటే రెండు వాక్యాల సంబంధం పట్టుబడాలి. ఇది మంచి ఖాళీ. ఆ ఖాళీ ఒక పేరా చివర ఉండి, దానికి ఆధారం పేరా మొదట్లో ఉంటే ఇంకా మంచి ఖాళీ. ఇంగ్లీషులో నామవాచకం ముందు వచ్చే చిన్నమాట, మన భాషలో సాటి లేనిది, కొట్టేస్తే ఏమవుతుంది? ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడేవాడు ఆలోచించకుండా రాస్తాడు. నా విద్యార్థి అక్కడ తప్పు రాస్తాడు. ఆ మాట తప్పినంత మాత్రాన వాడికి ఆ పేరాలో అర్థం కాకుండా పోయినది ఏదీ లేదు. రచనలో ఆ తప్పును దిద్దవలసిందే, ఒప్పుకుంటాను. పఠనశక్తి పేరుతో కొలవటం మాత్రం న్యాయం కాదు. కేంబ్రిడ్జి ప్రౌఢ పరీక్షలో 2013 నుంచీ చదవటాన్నీ, భాషా ప్రయోగాన్నీ ఒకే పత్రంలో కలిపేశారు. గంటన్నరలో 53 ప్రశ్నలు. కాలం ఆదా అయింది. ఎక్కడ తప్పాడో చెప్పటం కష్టమయింది.

శబ్దసంపద సంగతి మరీ తిరకాసు. ఇంగ్లీషులో మామూలు పుస్తకాలూ పత్రికలూ ఇబ్బంది లేకుండా చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు తెలిసి ఉండాలని పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చాడు. లెక్క ఉపయోగపడేదే. కాని మాట తెలియటమంటే ఏమిటి? తెలుగు నేర్చుకునే విదేశీయుడికి "చెయ్యి" అన్న మాట మొదటి వారంలోనే వస్తుంది. చెయ్యి తిరిగిన రచయిత, కొడుకు మీద చెయ్యి చేసుకున్న తండ్రి, ఆఖరు నిమిషంలో చెయ్యిచ్చిన స్నేహితుడు ఎదురయితే వాడి గతేమిటి? ఇంగ్లీషులో చిన్న క్రియ పక్కన చిన్న అవ్యయం చేరి ఏర్పడే పలుకుబళ్ళు సరిగ్గా ఇలాంటివే. పరీక్షాధికారికి ఇవి చాలా ప్రీతి. తేలిక మాటలలో కష్టమైన ప్రశ్న దొరుకుతుంది గనక. అయితే చెయ్యివ్వటమంటే తెలియనివాడు తెలుగులో ఆర్థికశాస్త్ర గ్రంథం చదవలేడా? నిక్షేపంగా చదవగలడు. నవల చదవటంలో ఇబ్బంది పడతాడు. ఎందుకోసం చదువుతున్నాడో నిర్ణయించకుండా "ప్రౌఢస్థాయి" అనటం గాలిలో దీపం పెట్టటమే. యూరప్ మండలివారు 2001లో ప్రకటించిన ఆరుమెట్ల చట్రం, నేర్చుకున్నవాడు ఏ పనులు చెయ్యగలడో వర్ణించటానికి ప్రయత్నించి కొంత మేలు చేసింది. జనం వాడుకలో అది ఆరు బిళ్ళలుగా మిగిలింది.

ఇక పఠనం. ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో మూడు వ్యాసాలు, నలభై ప్రశ్నలు, అరవై నిమిషాలు. వాటిలో ఒక తరహా ప్రశ్న నా విద్యార్థిని నిజంగా ఏడిపించింది. ఒక వాక్యమిచ్చి అది నిజమా, అబద్ధమా, వ్యాసంలో చెప్పనే లేదా తేల్చమంటారు. అబద్ధానికీ, చెప్పకపోవటానికీ మధ్య తేడా పట్టుకోవటం మంచి తర్కశిక్షణ. మన పత్రికలు చదివేవాళ్ళందరికీ ఈ శిక్షణ ఇప్పించవచ్చును. కాని మా క్లాసులో మేము మూడేళ్ళు చెప్పేది దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. కవి నోట చెప్పనిదే కావ్యానికి ప్రాణమని, ధ్వని పట్టనివాడు సహృదయుడు కాడని ఆనందవర్ధనుడి పేరు చెప్పి నూరిపోస్తాం. ఆ కుర్రవాడు వ్యాసకర్త సూచించినదంతా చెప్పినట్టే లెక్కవేసి నాలుగు మార్కులు పోగొట్టుకున్నాడు. ఈ తప్పులో నాకూ వాటా ఉన్నది.

ఆ రోజు నేను వాణ్ణి ఒక వ్యాసం చదివి తెలుగులో చెప్పమన్నాను. అడవుల నరికివేతను గురించిన వ్యాసం. చక్కగా చెప్పాడు, ఉదాహరణలతో సహా. ఒక్కచోట దెబ్బతిన్నాడు. రచయిత ఎదటివాళ్ళ వాదాన్ని రెండు వాక్యాలలో మర్యాదకు ఒప్పుకుని, తరవాత మెల్లిగా ఖండిస్తాడు. మావాడు ఆ ఒప్పుకోలునే రచయిత అభిప్రాయంగా తీసుకున్నాడు. ఇది చిన్న తప్పు కాదు. విశ్వవిద్యాలయంలో రేపు వాణ్ణి ముంచేది ఇదే. పత్రం తిరగేసి చూస్తే, ఆ వ్యాసం మీది పదమూడు ప్రశ్నలలో ఒక్కటీ ఆ మలుపును తాకలేదు. సంవత్సరాలూ, పేర్లూ, ఏ పేరాకు ఏ శీర్షిక తగునన్నదీ అడిగారు. వాడికి ఉన్న శక్తినీ, వాడికి లేని శక్తినీ కూడా ఆ పత్రం సమంగానే వదిలేసింది.

ఇక్కడ మనవాళ్ళలో కొందరు తొందరపడతారు. ఇంగ్లీషు పరీక్ష అనేదే దొరల ఉచ్చు, దాంట్లో మంచిచెడ్డలు వెతకటం దేనికంటారు. ఉచ్చుగా వాడిన సందర్భాలు లేకపోలేదు. ఆస్ట్రేలియావారు 1901 చట్టం కింద ఇష్టంలేని వాళ్ళకు ఏదో ఒక యూరప్ భాషలో యాభై మాటలు చెప్పి రాయమనేవారు. 1934లో, ఫాసిజాన్ని ఎదిరించిన ప్రాగ్ పత్రికారచయిత ఎగాన్ కిష్ వస్తే, ఆయనకు చాలా భాషలు వచ్చునని తెలిసి స్కాట్లండు గేలిక్‌లో పరీక్ష పెట్టారు! ఆ చట్టం ఉద్దేశించిన యూరప్ భాష అది కాదని హైకోర్టు తీర్పు చెప్పవలసివచ్చింది. ఆ డిక్టేషన్ పరీక్ష 1958 దాకా బతికింది. కాని అక్కడ కొలత అబద్ధమని అందరికీ తెలుసు. మన కుర్రవాడి కొలత సగం నిజం గనక, దాన్ని విప్పిచూడటం అవసరం. పరీక్షను మొత్తంగా తిట్టిపోస్తే కిందికి నెట్టబడేది తెలుగు మాధ్యమం పిల్లలే. ఇంగ్లీషు ఇంట్లో ఉన్నవాళ్ళు పరీక్ష లేకపోయినా గట్టెక్కుతారు.

పరీక్ష ఏది అడిగితే బడి అదే చెబుతుంది. గిడుగు రామమూర్తిగారికి ఇది బాగా తెలుసు. 1910ల దశకంలో స్కూలు ఫైనలు వ్యాసరచనలో వ్యావహారికం రాయనివ్వాలా వద్దా అన్నదాని మీద అంత యుద్ధం జరిగినది ఇందుకే. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడో తరగతి నుంచీ పిల్లలకు టోఫెల్ పరీక్షలు పెట్టటానికి అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకున్నది. పొగిడినవాళ్ళూ తిట్టినవాళ్ళూ ఉన్నారు గాని, ఆ పత్రంలో ఏ ప్రశ్న ఉంటుంది, దానికోసం పంతులు గదిలో ఏం చెప్పవలసివస్తుంది అన్న చర్చ నాకు ఎక్కడా కనబడలేదు. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసమే కేంద్రసంస్థ వెలసి, 2007లో విశ్వవిద్యాలయమయింది. ఈ పని చెయ్యటానికి మనకు మనుషులు లేరని అనలేం.

నాకు తోచిన మార్పు ఒకటుంది. పఠనశక్తి పరీక్షలో కొంత భాగానికైనా జవాబు మాతృభాషలో రాయనివ్వాలి. పేజీన్నర ఇంగ్లీషు వ్యాసం ఇచ్చి, రచయిత ఎవరితో వాదిస్తున్నాడు, ఎక్కడ ఒప్పుకుని ఎక్కడ తిరగబడ్డాడు, పది వాక్యాలలో తెలుగులో రాయమనాలి. వ్యాకరణం విడిగా, రచనలో పరీక్షించాలి. ఆ పత్రాలు యంత్రం దిద్దలేదని అనేవారు. ఇవాళ్టి యంత్రాలు దిద్దుతామంటున్నాయి గాని, నేను వాటికి అప్పగించను. రెండు భాషలూ వచ్చిన పంతుళ్ళు కావాలి, వాళ్ళకు పత్రానికింత అని జీతమివ్వాలి. మా జిల్లాలోనే అలాంటివాళ్ళను ముప్ఫై మందిని ఇప్పటికిప్పుడు చూపించగలను. వాళ్ళలో సగం మంది తెలుగు పంతుళ్ళే.